తీవ్రమైన ఓసీడీకి మెదడు ఆపరేషన్: మీ తమ్ముడికి ఇప్పుడే అవసరమా?

నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడికి 26 ఏళ్లు, ఐటీఐ చదివాడు, ఎనిమిదేళ్లుగా ఓసీడీ, అంటే వదలని ఆలోచనల వల్ల చేసిన పనినే మళ్లీ మళ్లీ చేసే జబ్బు. స్నానానికి నాలుగు గంటలు పడుతుంది, తల్లి పక్కన నిలబడి నీళ్లు పోస్తేనే గాని అది ముగియదు. శ్రీకాకుళంలో ఒక డాక్టరుకు, విశాఖలో మరొకరికి చూపించారు, మూడు రకాల మందులు వాడారు, తగ్గలేదు. బెంగళూరులో మెదడుకు ఆపరేషన్ చేస్తే ఈ జబ్బు పోతుందని బంధువొకరు చెప్పగా, తండ్రి 40 సెంట్ల భూమి అమ్మడానికి సిద్ధపడ్డారు. ఆపరేషన్ చేయించవచ్చా, పూర్తిగా నయమవుతుందా, మనిషి మొద్దుబారిపోతాడా అన్నవి ఆమె సందేహాలు.

అమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా విజయనగరంలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెబుతాను. అలాంటి ఆపరేషన్ ఉన్న మాట నిజం, అది మోసం కాదు, కొందరికి గట్టి మేలు చేస్తుంది. అయితే మీరు రాసినదాన్ని బట్టి మీ తమ్ముడు ఇంకా ఆ దశకు రాలేదు. భూమి ఇప్పుడు అమ్మవద్దు. పూర్తిగా నయమవుతుందా అన్న ప్రశ్నకు, చాలామందికి కాదు అన్నదే నిజాయితీ గల జవాబు. జబ్బు పట్టు సడలుతుంది, ఆపైన చేయవలసిన పని మిగిలే ఉంటుంది. మొద్దుబారిపోతాడన్న భయం పాతకాలపు ఆపరేషన్ల విషయంలో నిజమే గాని, ఇప్పటివాటికి ఆ స్థాయిలో వర్తించదు.

ఆ దశకు రాలేదని ఎందుకు అంటున్నానో వివరిస్తాను, ఎందుకంటే మీకు ఎక్కువగా పనికివచ్చేది అదే.

మూడు మందులు వాడినా తగ్గలేదని మీరు రాశారు. ఏ మోతాదులో, ఎన్ని వారాలు వాడారో రాయలేదు. ఓసీడీలో అసలు కిటుకంతా అక్కడే ఉంది. దిగులు జబ్బుకు సరిపోయే మోతాదు ఓసీడీకి చాలాసార్లు సరిపోదు. సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములతో దిగులు తగ్గవచ్చు, కానీ ఓసీడీకి మెల్లగా పెంచుకుంటూ 200 వరకు వెళ్లవలసి వస్తుంది. ఫ్లూఆక్సెటిన్ 60 నుంచి 80 వరకు, ఫ్లూవోక్సమిన్ 300 వరకు వెళ్తాయి. ఆ పై మోతాదుకు చేరాక 8 నుంచి 12 వారాలు ఆగితే తప్ప ఆ మందు పనిచేసిందో లేదో తీర్పు చెప్పలేం. నెల రోజులు వాడి, గుణం కనబడలేదని డాక్టరును మార్చి, కొత్త డాక్టరు మళ్లీ అడుగు మోతాదు నుంచి మొదలుపెట్టడం మన ప్రాంతంలో నేను రోజూ చూసే సంగతి. అలా అయిదేళ్లు గడిచినా, లెక్క ప్రకారం ఆ మనిషి ఒక్క మందునైనా సరిగా వాడినట్టు కాదు. మోతాదు మాత్రం మీరు సొంతంగా పెంచవద్దు. అది డాక్టరు పర్యవేక్షణలో, కొన్ని మందులకు ఈసీజీ చూసుకుంటూ చేయవలసిన పని.

ఈ కోవ మందులు రెండు, మూడు పూర్తి మోతాదులో పూర్తి కాలం వాడినా గుణం రాకపోతే పాత మందైన క్లోమిప్రమిన్ ఉంది. దానివల్ల నోరెండిపోవడం, మలబద్ధకం వంటి బాధలు ఎక్కువ, కానీ కొందరికి అదే పనిచేస్తుంది. వీటికి తోడుగా కొద్ది మోతాదులో రిస్పెరిడోన్ గాని అరిపిప్రజోల్ గాని కలిపే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ చూశారా?

మందుల కన్నా ముఖ్యమైన రెండో సంగతి, మీ ప్రశ్నలో మాటమాత్రంగానైనా లేనిది, ఒకటుంది. దాన్ని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు, పొట్టిగా ఈఆర్‌పీ. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ దారి చూపాడు. భయపెట్టే వస్తువును కావాలని ముట్టుకోవాలి, ముట్టుకున్నాక కడుక్కోకుండా ఉండాలి. వినడానికి క్రూరంగా ఉంటుంది. కానీ భయం ఒక ఎత్తుకు లేచి, ఏమీ చేయకపోయినా దానంతట అది దిగుతుందని మెదడు నేర్చుకోవడానికి ఇంతకు మించిన దారి లేదు. ధైర్యం చెప్పి పంపించే మామూలు కౌన్సెలింగ్ ఈఆర్‌పీ కాదు. ఊరికే ధైర్యం చెబుతూ పోతే ఓసీడీ ఇంకా ముదురుతుంది కూడా.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. పలాస వైపు నుంచి 34 ఏళ్ల ఆవిడ వచ్చారు, జీడిపప్పు పొట్టు తీసే పని చేసేవారు. జీడి నూనె తన చేతులకు అంటుకుని, ఆ చేత్తో అన్నం పెడితే బిడ్డ చచ్చిపోతుందన్న ఆలోచన ఆరేళ్లుగా వదలలేదు. సబ్బుతో, బూడిదతో, చివరకు కిరసనాయిలుతో చేతులు రుద్దుకునేవారు. నా దగ్గరకు వచ్చేనాటికి అరచేతుల్లో చర్మం పగిలి నెత్తురు చారలుగా ఉంది. చిల్లంగి పెట్టారని ఊళ్లో అనుకున్నారు, రెండేళ్లు ఆ వైద్యమే నడిచింది. తర్వాత నాలుగేళ్లు బిళ్లలు వాడారు, అయినా తగ్గలేదు. భర్త నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా ఆపరేషన్ గురించే. చీటీలు చూస్తే ఆ నాలుగేళ్లూ సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములే ఉంది.

మోతాదు అంచెలంచెలుగా 200కు పెంచాం. మూడో వారం నుంచి ఈఆర్‌పీ మొదలుపెట్టాం. ఒకరోజు కాగితం మీద ఒక్క జీడిపప్పు పెట్టి ఆవిడ ముందుకు జరిపాను. చూపుడువేలు దాని వరకు వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, నాలుగోసారికి ముట్టుకుంది. తర్వాత ఆ వేలితోనే చీర కొంగు ముట్టుకోమన్నాను. ముట్టుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పైన ఫ్యాను తిరుగుతున్నా మొహం నిండా చెమట. భయం పదికి ఎంత అని అయిదు నిమిషాలకోసారి అడుగుతూ రాసుకున్నాను. పది, పది, తొమ్మిది, తొమ్మిది, ఏడు. నలభై నిమిషాలు దాటేసరికి నాలుగుకు దిగింది. అప్పుడు ఆవిడ అన్న మాట, "బాబూ, కడక్కపోయినా తగ్గిపోనాది." అయిదు నెలల తర్వాత ఆవిడ తన చేత్తో బిడ్డకు జీడిపప్పు తినిపించారని భర్త ఫోన్ చేసి చెప్పారు. జబ్బు పూర్తిగా పోలేదు, ఇప్పటికీ మందు వాడుతున్నారు. కానీ ఆపరేషన్ ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఇలాంటివి చూసినందువల్లే ఆపరేషన్ గురించి అడిగిన ప్రతి కుటుంబాన్నీ ముందు పాత చీటీలు తెమ్మంటాను. నా దగ్గరకు ఈ ప్రశ్నతో వచ్చినవారిలో ఎక్కువమందికి అసలు వైద్యం సగంలోనే ఆగిపోయి ఉంది.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆవిడ నీళ్లు పోయడం ప్రేమతో చేస్తున్న పని, తప్పు పట్టడం లేదు. కానీ అలా పోసిన ప్రతి చెంబూ జబ్బుకు అందుతోంది. ఒక్క రోజులో మానేయవద్దు, అబ్బాయి తల్లడిల్లిపోతాడు, గొడవలవుతాయి. అతనితోనే కూర్చుని మాట్లాడి, ఈ వారం నాలుగు గంటలు, వచ్చే వారం మూడున్నర అని ఒప్పందం చేసుకుని, థెరపిస్టు సలహాతో తగ్గించాలి.

ఇప్పుడు ఆపరేషన్ విషయానికి వస్తాను.

మెదడులో ముందు భాగానికీ, లోపలి కాడేట్, థాలమస్ అనే కేంద్రాలకూ మధ్య కబుర్లు వలయంగా తిరుగుతుంటాయి. చేతులు కడిగాక "ఇక చాలు" అన్న కబురు మనకు అందుతుంది, పని ఆపుతాం. ఓసీడీ తీవ్రంగా ఉన్నవారిలో ఈ వలయం అవసరానికి మించి పనిచేస్తూ, ప్రమాదం ఇంకా పోలేదన్న కబురునే మళ్లీ మళ్లీ తిప్పుతుంటుంది. చేతులు శుభ్రంగా ఉన్నాయని వాళ్లకు తెలుసు, ఆ తెలివికేమీ లోటు లేదు. చాలు అన్న నిబ్బరం మాత్రం కలగదు. ఆ వలయంలోని తీగల కట్టను ఒకచోట తెంచడమో, అక్కడికి విద్యుత్తు పంపి దాని తీరు మార్చడమో ఆపరేషన్ చేసే పని.

తెంచే పద్ధతుల్లో ముఖ్యమైనవి క్యాప్సులాటమీ, సింగులాటమీ. తలకు లోహపు చట్రం బిగించి, ఎంఆర్‌ఐ చూసి లెక్క కట్టి, సన్నటి సూది లాంటి ఎలక్ట్రోడును పుర్రెకు చేసిన చిన్న రంధ్రం గుండా పంపి, కొన్ని మిల్లీమీటర్ల మేర కణజాలాన్ని వేడితో కాలుస్తారు. రెండు వైపులా చేస్తారు. గామా నైఫ్ అయితే కోత కూడా ఉండదు, కిరణాలను ఒక బిందువు దగ్గర కలుపుతారు. గుణం కనబడడానికి మాత్రం నెలలు పడుతుంది. రెండో దారి డీబీఎస్, అంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. మెదడులో సన్నని తీగలు అమర్చి, వాటిని మెడ చర్మం కిందుగా తెచ్చి, కాలరు ఎముక కింద పెట్టిన బ్యాటరీకి కలుపుతారు. 1999లో బెల్జియంలోని లూవెన్‌లో బార్ట్ నుట్టిన్ బృందం ఓసీడీకి దీన్ని మొదటిసారి ప్రకటించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో, వేరే దారి లేనివారి కోసం పరిమితమైన అనుమతి ఇచ్చింది. డీబీఎస్‌లో సుగుణం ఏమిటంటే నచ్చకపోతే ఆపవచ్చు, తీసివేయవచ్చు. కాల్చిన చోటు తిరిగి రాదు.

మీరు భయపడే మొద్దుబారడం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 1935లో పోర్చుగల్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు ముందు భాగంలోని తెల్లటి తంతువులను తెంచే ఆపరేషన్ మొదలుపెట్టాడు, దానికి 1949లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ 1946 నుంచి కంటి పైభాగం గుండా పరికరం దించి, లోపల అటూ ఇటూ కదిపి తెంచేవాడు. వేల మందికి చేశారు, చాలామందికి ఏ జబ్బుకు చేస్తున్నారన్న విచక్షణే లేదు, అడిగి చేసిందీ తక్కువే. మనుషులు నిజంగానే ఉలుకూ పలుకూ లేని స్థితికి వెళ్లిపోయారు. ఆ చరిత్ర వల్లే నేటి వైద్యులు ఇంత ఆచితూచి అడుగు వేస్తున్నారు. చట్టం కూడా అందుకే కాపలా ఉంది.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం, రోగి స్వయంగా అన్నీ తెలుసుకుని ఇచ్చిన సమ్మతితో పాటు, మానసిక ఆరోగ్య సమీక్షా మండలి ఆమోదం కూడా ఉంటేనే మానసిక జబ్బుకు మెదడు ఆపరేషన్ చేయాలి. తండ్రి సంతకం చాలదు, అక్క సంతకం చాలదు. మండలి మాట ఎత్తకుండా వచ్చే వారం తేదీ ఇస్తామని, ఇంత కడితే చాలని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఎవరికి చేస్తారు? ఊరూరికీ కొలతల్లో కొద్ది తేడాలున్నా, మొత్తం మీద ఇలా ఉంటుంది. జబ్బు కనీసం అయిదేళ్లుగా ఉండాలి. తీవ్రతను యేల్-బ్రౌన్ అనే కొలతతో చూస్తారు. మొత్తం 40, అందులో సుమారు 28, 30 పైన ఉండాలి. క్లోమిప్రమిన్‌తో సహా కనీసం మూడు మందులు పూర్తి మోతాదులో పూర్తి కాలం వాడి ఉండాలి, తోడు మందులు చూసి ఉండాలి, ఈఆర్‌పీ సుమారు 20 సిట్టింగులు నిజాయితీగా ప్రయత్నించి ఉండాలి. మత్తుపదార్థాల అలవాటు, రక్తం గడ్డకట్టని జబ్బులు ఉంటే సాధారణంగా చేయరు. మీ తమ్ముడి జబ్బుకు ఎనిమిదేళ్లు, నాలుగు గంటల స్నానం చూస్తే మొదటి రెండు లెక్కలు సరిపోవచ్చు. మిగతావి సరిపోయినట్టు మీ ఉత్తరంలో లేదు.

ఫలితం సంగతి. ఇంతగా వడపోసి ఎంపిక చేసినవారిలో కూడా సుమారు సగం మందికి, కొన్ని నివేదికల్లో అంతకు కొంచెం ఎక్కువ మందికి, చెప్పుకోదగ్గ మేలు జరుగుతుంది. ఇక్కడ మేలు అంటే వైద్య భాషలో స్కోరు 35 శాతమైనా తగ్గడం. అంటే 36 ఉన్నది 23కు రావడం. 23 అంటే ఇంకా జబ్బు ఉన్నట్టే. కాగితం మీద ఇది చిన్న లాభంగా కనబడుతుంది గాని, ఆరు గంటలు కడుక్కునే మనిషి రెండు గంటలకు వస్తే ఆ ఇంట్లో ఎంత మారుతుందో చూసినవాడిని నేను. నష్టాల్లో మెదడులో రక్తస్రావం, చీము పట్టడం, మూర్ఛ ఉన్నాయి. ఇవి అరుదు గాని, వస్తే పెద్దవి. కొందరిలో చురుకుదనం తగ్గడం, బరువు పెరగడం, డీబీఎస్ పెట్టినవారిలో కొన్నాళ్లు అతి హుషారు రావడం చూస్తాం.

నేను చెప్పి పంపినవారిలో ఒక ఉపాధ్యాయుడున్నారు. రాసిన ప్రతి అక్షరం సరిగా ఉందా అని చెరిపి తిరగరాసే జబ్బు, 14 ఏళ్లు. హాజరు పట్టీలో ఒక పేరు దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయేవారు. అయిదు మందులు, ఆసుపత్రిలో చేర్చి ఈఆర్‌పీ, అన్నీ అయ్యాయి. స్కోరు 37. ఆయనే స్వయంగా అన్నీ చదువుకుని క్యాప్సులాటమీకి ఒప్పుకున్నారు. మూడు నెలలకు 34, అంతే. ఇంట్లో అందరూ నీరుగారిపోయారు. ఆ మూడు నెలలూ మనిషి కొంచెం మందకొడిగా ఉన్నారు, ఏడు కిలోలు పెరిగారు. నాలుగో నెల నుంచి ఈఆర్‌పీ మళ్లీ మొదలుపెట్టాం. అంతకు ముందు ఒక తప్పు అక్షరాన్ని దిద్దకుండా వదిలేయమంటే వణికిపోయే మనిషి, ఈసారి వదిలేసి కూర్చోగలిగారు. "భయం ఉంది గాని నన్ను లాక్కుపోవడం లేదు" అన్నారు. ఏడాదికి 20కి వచ్చింది. ఇప్పుడు బడికి వెళ్తున్నారు, పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు, రాత్రి తలుపు గడియ మాత్రం రెండుసార్లు చూసుకుంటారు. ఆయన విషయంలో ఆపరేషన్ తలుపు తెరిచింది, నడిచి వెళ్లింది ఆయన.

ఇంకొక కుర్రవాడిది ఆమదాలవలస వైపు. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డీబీఎస్ పెట్టించారు, పొలం అమ్మారు. పరికరం ఖరీదే లక్షల్లో ఉంటుంది. పెట్టాక విద్యుత్తు మోతాదు సరిచేయడానికి మొదటి ఏడాది పదేపదే వెళ్లాలన్న సంగతి ఎవరూ వివరంగా చెప్పలేదట. నాలుగు ప్రయాణాల తర్వాత డబ్బు అయిపోయి మానేశారు. కొద్దిగా వచ్చిన గుణం కూడా బ్యాటరీ అయిపోయిన వారంలోనే పోయింది, జబ్బు మునుపటికన్నా ఉధృతంగా తిరగబడింది. ఆ తండ్రి నా ముందు కూర్చుని రసీదులు ఒక్కొక్కటే బల్ల మీద పరచిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. మీ నాన్నగారి భూమి గురించి మొదట్లోనే రాయడానికి కారణం అదే.

మధ్యేమార్గంగా టీఎంఎస్ అనే చికిత్స ఉంది, తల పైనుంచి అయస్కాంత తరంగాలు పంపుతారు, కోత లేదు. ఓసీడీకి దీనిలో ఒక రకాన్ని ఎఫ్‌డీఏ 2018లో అనుమతించింది. మేలు ఒక మోస్తరుగా ఉంటుంది, ఆపరేషన్‌కు ముందు ప్రయత్నించదగినదే.

మీరు చేయవలసింది ఈ వరుసలో చేయండి. ముందు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో గాని, విశాఖలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో గాని చూపించి, మందు పూర్తి మోతాదుకు తీసుకురండి. పిచ్చాసుపత్రి అన్న పేరు విని జంకవద్దు. మన ఉత్తరాంధ్ర వాళ్లకు దగ్గరలో పెద్ద దిక్కు అదే. ఆ తర్వాత కూడా కదలకపోతే బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్లండి, అక్కడ ఓసీడీకే ప్రత్యేకమైన క్లినిక్ ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా చేరుస్తుంది. వాళ్లు మొదటి రోజే ఆపరేషన్ మాట ఎత్తరు, చేర్చుకుని మందులు, ఈఆర్‌పీ పద్ధతిగా చేస్తారు. చాలామంది అక్కడి నుంచే మెరుగుపడి వస్తారు. అప్పటికీ లొంగకపోతే, అబ్బాయి ఒప్పుకుంటే, ఆపరేషన్ గురించి వాళ్లతోనే మాట్లాడండి. ఆ రోజు వస్తే వెనకాడవద్దని కూడా నేనే చెబుతాను.

ఈలోగా చచ్చిపోతానన్న మాట అతని నోట వస్తే ఇవేవీ ఆలోచించకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రాత్రివేళ అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టి, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని వారాలు అన్నది ఒక కాగితం మీద రాసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. అలాగే మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఆపరేషన్ గురించి అతనికేం తెలుసో, అతనికి కావాలని ఉందో లేదో అడగండి. మీ ఉత్తరంలో నాన్నగారి మాట ఉంది, బంధువు మాట ఉంది, అతని మాట ఎక్కడా లేదు. అతనేమన్నాడో కూడా రాయండి.